కాస్త తక్కువ కాచిన తారు

దోహాలో ఉద్యోగం చేస్తున్న మనవాళ్ళని ఊరెలా ఉందని అడిగితే ముందు ఎండ గురించి చెబుతారు, తరవాత రోడ్ల గురించి. రెండూ చెప్పుకోదగ్గవే. వైశాల్యంలో మన పాత కరీంనగర్ జిల్లా అంత ఉంటుంది ఖతార్. అంత చిన్న దేశంలో అల్ మజ్ద్ రోడ్డు ఒక్కటే 195 కిలోమీటర్ల పొడవు. ఈ పనులన్నీ చూసే ప్రభుత్వ సంస్థ పేరు అష్గాల్, 2004లో పుట్టింది. 2022 ఫుట్‌బాల్ ప్రపంచ కప్పు దగ్గరపడిన కొద్దీ దాని పని వేగం ఎంత పెరిగిందంటే, 2020లో అల్ ఖోర్ వెళ్ళే దారి పక్కన సైకిళ్ళ బాట కోసం 25 కిలోమీటర్ల పైచిలుకు తారు ఎక్కడా ఆపకుండా ఒకే పట్టీగా పరిచి గిన్నిస్ పుస్తకం ఎక్కారు.

ఆ తారు టిప్పర్లోంచి దిగేటప్పుడు 150 నుంచి 170 డిగ్రీల వేడి మీద ఉంటుంది (ఈ వ్యాసంలో డిగ్రీలన్నీ సెంటిగ్రేడువే). దాని వెనక పార పట్టుకుని నడిచే మనిషి చుట్టూ గాలి 40 డిగ్రీలు. గల్ఫు దేశాల నిర్మాణ పనుల్లో చెమటోడ్చే కూలీల్లో కరీంనగర్, నిజామాబాద్, కడప జిల్లాల వాళ్ళు ఎందరో ఉన్నారన్నది మనందరికీ తెలిసిన సంగతే. అందుకని ఈసారి మన శీర్షికలో కంప్యూటర్లని పక్కన పెట్టి, ఈ తారుని కొంచెం తక్కువ కాచి పని జరిపించుకోవచ్చా, జరిపించుకుంటే ఎవరికి ఎంత లాభం అన్నది చూద్దాం. ఇంజనీర్లు ఈ పద్ధతిని వార్మ్ మిక్స్ అంటారు. మనం వెచ్చని మిశ్రమం అనుకుందాం. మామూలుగా వాడేది వేడి మిశ్రమం, అంటే హాట్ మిక్స్.

ముందు ఒక పేరు సంగతి. మనం తారు అంటాం కాని, అసలు తారు బొగ్గు నుంచి వచ్చేది. అది కేన్సరు తెప్పిస్తుందని ఏనాడో తేలింది. ఇప్పుడు రోడ్లకి వాడేది ముడిచమురుని శుద్ధి చెయ్యగా అడుగున మిగిలే బిట్యుమెన్. ఇది అంత చెడ్డది కాదు; ఎంత మంచిదన్నది కిందకి వెళ్ళేక చెబుతాను. నోట్లో నానిన మాటని మార్చడం కష్టం కనుక నేను తారు అన్నప్పుడల్లా బిట్యుమెన్ అనే అర్థం చెప్పుకోండి.

రోడ్డు మీద పరిచే మిశ్రమంలో బరువు ప్రకారం 95 పాళ్ళు కంకర, ఇసుక, రాతిపొడి; మిగతా 5 పాళ్ళు తారు. పల్లీ ఉండలు చుట్టడం చూసినవాళ్ళకి ఇందులో ఇమిడి ఉన్న శాస్త్రం వేరే చెప్పక్కర్లేదు. పాకం వేడిగా, పల్చగా ఉంటేనే ప్రతి గింజకీ పట్టుకుంటుంది. పట్టుకున్నాక చల్లారకుండా చుట్టెయ్యాలి. చెయ్యి కాలినా సరే. ఆలస్యమైతే ఉండ కట్టదు. తారుకీ ఇవే రెండు పనులు: కలపడం, రోలరుతో అదమడం. కలిపేటప్పుడు తారు ఆముదం కంటే పల్చగా, నువ్వులనూనె కంటే చిక్కగా ఉండాలి. ప్రయోగశాల భాషలో 0.17 పాస్కల్ సెకన్లు. అదిమేటప్పుడు 0.28. మామూలు తారు ఈ పలచదనానికి రావాలంటే 150 డిగ్రీల పైమాటే. ఖతార్‌లో ఇంకో చిక్కు ఉంది. వేసవిలో అక్కడ రోడ్డు పైపొర 65, 70 డిగ్రీలకి చేరుతుంది. ఆ వేడికి మామూలు తారు మెత్తబడి, బరువైన లారీల చక్రాల కింద గాడి పడిపోతుంది. అందుకని పెద్ద రోడ్లకి రబ్బరులాంటి పాలిమర్లు కలిపిన గట్టి తారు వాడతారు. పీజీ 76-10 అని దాని తరగతి పేరు. మొదటి అంకె రోడ్డు తట్టుకోవలసిన వేడి. ఇలాంటి పాలిమరు తారుని కలపాలంటే 170, 180 డిగ్రీల దాకా కాచాలి. అంటే ఎండ ఎక్కువున్న దేశంలోనే తారుని ఇంకా ఎక్కువ కాచవలసి వస్తోంది!

పాకం పల్చబడాలంటే వేడి ఒక్కటే దారా? కాదు. 1956లో అమెరికాలో అయోవా స్టేట్ విశ్వవిద్యాలయంలో చాన్యీ అనే ఆచార్యుడు కాగిన తారులోకి ఆవిరి పంపి నురుగు తెప్పించాడు. నురుగు కట్టిన తారు పరిమాణంలో ఎన్నో రెట్లు పొంగుతుంది కనుక తక్కువ వేడిలోనే రాళ్ళకి పట్టుకుంటుంది. 1968లో మోబిల్ ఆయిల్ వారి ఆస్ట్రేలియా శాఖ ఆవిరికి బదులు చన్నీళ్ళు చిమ్మితే చాలని తేల్చింది. నీరు ఆవిరయితే సుమారు 1,600 రెట్లు పెరుగుతుంది కదా, పొంగించే పని అదే చూసుకుంటుంది. 1990ల చివర ఐరోపాలో ఈ ఆలోచనకి మళ్ళీ ఊపిరి వచ్చింది. షెల్, నార్వేకి చెందిన కోలో వైడెక్కె కలిసి నురుగు పద్ధతిని మెరుగుపరిచారు. ఇంకొందరు తమలో నీటిని దాచుకుని, వేడి తగలగానే కొద్దికొద్దిగా వదిలే జియొలైట్ పొడిని కలిపారు. సబ్బు తరహా రసాయనాలు కలిపి తారు రాయి మీద జారేటట్టు చేసే పద్ధతి అమెరికాలో పుట్టింది. వీటన్నిటి ఫలితం ఒకటే: 20 నుంచి 40 డిగ్రీలు తక్కువలో పని అవుతుంది.

నన్ను అడిగితే ఖతార్‌కి సంబంధించినంత వరకు అసలు కథ మైనం పద్ధతిది. 1925 ప్రాంతాల జర్మనీలో ఫిషర్, ట్రోప్ష్ అనే ఇద్దరు బొగ్గు నుంచి ద్రవ ఇంధనం తీసే దారి కనిపెట్టారు. ఆ విద్యని దక్షిణాఫ్రికాకి చెందిన సాసోల్ కంపెనీ బాగా వంటబట్టించుకుంది. ఈ ప్రక్రియలో పొడుగాటి గొలుసులున్న ఒక మైనం వస్తుంది. 100 డిగ్రీల దగ్గర కరుగుతుంది. కరిగి తారులో కలిసిందంటే తారు పల్చబడుతుంది. రోడ్డు చల్లారాక అదే మైనం స్ఫటికాలుగా గడ్డకట్టి తారుకి లోపల ఎముకల గూడులా నిలబడుతుంది. సాసోల్ దీన్ని సాసోబిట్ పేరుతో అమ్ముతుంది. తారు బరువులో 3 శాతం లోపు వేస్తే చాలు.

చలిదేశాల వాళ్ళు ఈ మైనాన్ని కొంచెం అనుమానంగా చూస్తారు. గట్టిపడ్డ తారు మంచుకాలంలో పగులుతుందని వాళ్ళ భయం. దోహాలో జనవరి రాత్రి కూడా పది డిగ్రీల కిందకి దిగడం అరుదు. అక్కడ భయమల్లా 70 డిగ్రీల దగ్గర గాడి పడడం గురించే. మైనం ఇంకా గట్టిగా ఉండే వేడి అది. మందు ఒకటే, చలిదేశంలో చేదు, ఎడారిలో తీపి. ఇంకో విశేషం ఏమిటంటే, ఖతార్‌లోని రాస్ లఫాన్‌లో ఇదే ఫిషర్-ట్రోప్ష్ విద్యతో సహజవాయువు నుంచి డీజిలు తీసే కర్మాగారాలు రెండు కట్టారు. ఒకటి సాసోల్ భాగస్వామిగా 2006లో ప్రారంభమైన ఒరిక్స్, రెండోది షెల్ వారి పెర్ల్, 2011లో మొదలైంది. రెండిట్లోనూ వాయువు ముందు మైనంగానే మారుతుంది, తరవాత దాన్ని విరగ్గొట్టి డీజిలు, నాఫ్తా చేస్తారు.

అదే రాస్ లఫాన్ మరో పదార్థాన్ని కూడా ఇచ్చింది. భూమిలోంచి వచ్చే వాయువులో ఉన్న గంధకాన్ని తీసెయ్యాలి కదా. తీసింది గుట్టలుగా పేరుకుపోతుంది. తారులో కొంత భాగానికి బదులుగా గంధకం వేస్తే రోడ్డు గట్టిగానే ఉంటుందని 1970లలోనే అమెరికాలోను, కెనడాలోను వేసి చూశారు. షెల్ దాన్ని గుళికలుగా చేసి థయోపేవ్ అని పేరు పెట్టి ఖతార్‌లోనూ ప్రయోగంగా వేయించింది. ఇక్కడ తక్కువ వేడి అన్నది పర్యావరణం మీద ప్రేమ కొద్దీ కాదు, తప్పనిసరి. 140, 145 డిగ్రీలు దాటితే గంధకం తారుతో చర్య జరిపి హైడ్రొజన్ సల్ఫైడు వదలడం ఎక్కువవుతుంది. కుళ్ళిన గుడ్ల కంపు కొట్టే ఆ వాయువు మోతాదు మించితే ప్రాణాలు తీస్తుంది. ముందుముందు ఆ రోడ్డుని తవ్వి మళ్ళీ కాచి వాడుకోవాలన్నా ఇదే జాగ్రత్త. నాకైతే ఈ పద్ధతి మీద పెద్ద మోజు లేదు. థర్మామీటరు ఒకటి పనిచెయ్యకపోతే కూలీల ప్రాణాల మీదకి వచ్చే ఏర్పాటుని మంచి ఏర్పాటు అనలేం.

ఇక లెక్కలు. పర్యావరణం పేరుతో వచ్చే కరపత్రాల్లో శాతాలే ఎక్కువ కనిపిస్తాయి. సాఫ్ట్‌వేర్ వాళ్ళకి బెంచ్‌మార్కులతో చేసే గారడీలు కొత్త కాదు కనుక ఒకసారి మనమే కాగితం మీద వేసి చూద్దాం. ఒక టన్ను కంకరని ఒక డిగ్రీ వేడి చెయ్యడానికి సుమారు 0.9 మెగాజౌళ్ళు కావాలి. 30 డిగ్రీలు తగ్గిస్తే 27 మెగాజౌళ్ళు మిగులుతాయి. లీటరు డీజిలులో ఉండేది 36 మెగాజౌళ్ళు. మంటలో వృథా పోయేది కూడా కలుపుకుంటే టన్నుకి దాదాపు ఒక లీటరు డీజిలు ఆదా. ఒక వరస వాహనాలు పోయే వెడల్పున, 5 సెంటీమీటర్ల మందాన, ఒక కిలోమీటరు పరవడానికి సుమారు 440 టన్నుల మిశ్రమం పడుతుంది. అంటే 440 లీటర్లు. గాలిలో కలవకుండా ఆగేది సుమారు 1.2 టన్నుల కార్బన్ డై ఆక్సైడ్. ఇది తీసిపారెయ్యదగ్గది కాదు, అలాగని ప్రపంచాన్ని ఉద్ధరించేదీ కాదు.

ఇప్పుడు గారడీ ఎక్కడుందో చూడండి. కంకరలో 1 శాతం తడి ఉంటే, ఆ నీటిని ఆవిరి చెయ్యడానికి కూడా టన్నుకి సుమారు 27 మెగాజౌళ్ళే పడతాయి. అంటే ఒక శాతం తడి 30 డిగ్రీలతో సమానం! జర్మనీలో వర్షానికి తడిసి 4 శాతం నీళ్ళున్న, 10 డిగ్రీల చల్లటి కంకరని 165 డిగ్రీలకి తీసుకెళ్ళాలంటే టన్నుకి 250 మెగాజౌళ్ళు దాకా కావాలి. అందులో 27 ఆదా అంటే 11 శాతం. దోహాలో కంకర ఎండకే 40 డిగ్రీలు కాగి, దాదాపు పొడిగా ఉంటుంది. తడి 1 శాతం అనుకున్నా మొత్తం 140 మెగాజౌళ్ళు. ఆదా 19 శాతం. మిగిలిన డీజిలు రెండు చోట్లా ఒకటే, శాతం మాత్రం దాదాపు రెట్టింపు. వర్షం పడే దేశంలో అయితే వేడి తగ్గించే యంత్రం కొనేముందు కంకర గుట్ట మీద ఒక రేకుల కప్పు వేసుకోవడం చవక. దోహాలో ఆ ఉపాయానికి చోటు లేదు. మిగిలింది వేడి తగ్గించడమే.

అమెరికా రహదారి శాఖ వాళ్ళు 2007లో ఐరోపా వెళ్ళి ఈ రోడ్లని చూసి రాసిన నివేదికలో ఇంధనం 11 నుంచి 35 శాతం దాకా ఆదా అయిందని ఉంది. అంత వెడల్పాటి అంతరం ఎందుకొచ్చిందో పై లెక్క చూస్తే అర్థమవుతుంది.

ఖతార్ రోడ్డు లెక్కలో ఇంకో పెద్ద పద్దు ఉంది. అక్కడ దొరికే సున్నపురాయి మెత్తన. పెద్ద రోడ్ల పైపొరకి పనికిరాదు. గట్టి గాబ్రో రాయిని ఒమాన్ నుంచి, ఎమిరేట్స్ నుంచి ఓడల మీద తెచ్చుకుంటారు. 2017 జూన్‌లో పొరుగు దేశాలు దారులు మూసేసినప్పుడు ఎమిరేట్స్ రాయి ఆగిపోయి, వేరే చోట్ల వెతుక్కోవలసి వచ్చింది. ఇంత దూరం నుంచి తెచ్చిన రాయి కనుక పాత రోడ్డుని చెక్కి తీసిన ముక్కలు అక్కడ బంగారంతో సమానం. వెచ్చని మిశ్రమం ఇక్కడ ఒక మేలు చేస్తుంది. పాత తారు అప్పటికే ముదిరిన పాకం. దాన్ని మళ్ళీ 170 డిగ్రీలు కాచితే ఇంకా ముదిరి పెళుసెక్కుతుంది. తక్కువ వేడిలో కలిపితే పాత ముక్కలు కొంచెం ఎక్కువ పాళ్ళలో వెయ్యొచ్చు.

ముదరడం అన్న మాట వచ్చింది కనుక, ఈ పద్ధతికి ఉన్న ప్రమాదం కూడా చెప్పాలి. తారు రాయి మీద పల్చటి పొరగా పరుచుకున్న ఆ కొద్ది నిమిషాల్లోనే గాలిలో ఆక్సిజన్‌తో కలిసి గట్టిపడుతుంది. ప్రయోగశాలలో దీన్ని అనుకరించే పరీక్షలో తారుని 163 డిగ్రీల దగ్గర 85 నిమిషాలు తిప్పుతారు. వేడి మిశ్రమం కాలంలో పుట్టిన అంకె అది. తక్కువ కాచిన తారు అంతగా ముదరదు. ఎండకి ఏళ్ళ తరబడి ముదిరి పగిలే రోడ్డుకి ఇది లాభమే. కాని కొత్త రోడ్డు మొదటి వేసవిలో ఉండవలసిన దానికంటే మెత్తగా ఉంటుంది. గాడి పడే ముప్పు అప్పుడే. మైనానికి ఖతార్‌లో ఎందుకు మొగ్గు చూపానో ఇప్పుడు తెలిసిందనుకుంటాను. నురుగు పద్ధతిలో ఇంకో బెంగ: రాయి లోపలి తడి పూర్తిగా ఆరకపోతే తారు రాయిని వదిలేస్తుంది. ఖతార్‌లో వాన తక్కువే కాని, సముద్రపు గాలి తేమ, తీరం పొడుగునా ఉప్పునేలల్లో కిందనుంచి ఎగబాకే నీరు ఉన్నాయి. పదిహేనేళ్ళు రావలసిన రోడ్డు పదేళ్ళకే చెక్కి మళ్ళీ వెయ్యవలసి వస్తే, ఓడలో వచ్చిన గాబ్రోతో సహా మొత్తం ఖర్చు తిరిగి పెట్టాలి. టన్నుకి ఒక లీటరు ఆదా ఆ దెబ్బకి ఎగిరిపోతుంది.

కాబట్టి కార్బన్ లెక్క అటూ ఇటూ ఊగుతుంది. కూలీ లెక్క అలా ఊగదు. కాగిన తారు నుంచి నీలిపొగ వస్తుంది. ప్రతి 10, 12 డిగ్రీలకి పొగ రెట్టింపు అవుతుందని ఈ పరిశ్రమలో ఒక మోటు లెక్క చెప్పుకుంటారు. ప్రపంచ ఆరోగ్య సంస్థకి చెందిన కేన్సర్ పరిశోధన విభాగం 2011లో కూర్చుని, రోడ్లు వేసేవాళ్ళు పీల్చే బిట్యుమెన్ పొగని కేన్సరు తెప్పించే అవకాశం ఉన్నవాటి జాబితాలో చేర్చింది. ఖాయంగా తెప్పిస్తుందని అనలేదు. అనుమానం తీసెయ్యలేం అని అర్థం. వెచ్చని మిశ్రమం వేసినచోట కూలీలు పీల్చే పొగ 30 నుంచి 50 శాతం తగ్గిందని పైన చెప్పిన 2007 పర్యటన నివేదికలోనే ఉంది.

పొగ సంగతి అలా ఉంచి వేడి చూడండి. నల్లటి వస్తువు ఎంత వేడి వెదజల్లుతుందో ఇంటర్మీడియట్ భౌతికశాస్త్రంలో చదువుకున్న స్టెఫాన్ సూత్రమే చెబుతుంది. 150 డిగ్రీల తారు పరుపు చదరపు మీటరుకి సుమారు 1,600 వాట్లు వెదజల్లుతుంది. నడినెత్తిన సూర్యుడిచ్చేది 1,000 వాట్లు. అంటే తారు వెనక నడిచేవాడికి కాళ్ళ కింద ఒకటిన్నర సూర్యుళ్ళు! 120 డిగ్రీలకి దించితే 1,200 వాట్లు. ఇప్పటికీ సూర్యుడి కంటే ఎక్కువే, కాని పావు వంతు తగ్గింది. రాత్రిపూట పని చేయిస్తే పైనున్న సూర్యుడు పోతాడు, కిందవాడు పోడు.

ఖతార్ 2007లో చేసిన నిబంధన ప్రకారం జూన్ సగం నుంచి ఆగస్టు ఆఖరి దాకా పొద్దున్న 11:30 నుంచి మధ్యాహ్నం 3 వరకు ఆరుబయట పని చేయించకూడదు. 2021లో దాన్ని జూన్ 1 నుంచి సెప్టెంబరు 15 దాకా, 10 నుంచి 3:30 దాకా పెంచారు. ఎండ, తేమ, గాలి కలిపి కొలిచే సూచిక 32.1 డిగ్రీలు దాటితే ఏ వేళలోనైనా పని ఆపాలని కూడా చేర్చారు. మంచి నిబంధనే. అయితే ఆ కొలిచే పరికరాన్ని ఎక్కడ పెట్టారన్నది ముఖ్యం. ఆఫీసు గుడారం పక్కన పెడితే దానికి తారు పరుపు కనిపించదు. యంత్రం వెనక కూలీ నడిచేచోట పెడితే అంకె వేరేగా వస్తుంది.

దోహా వెళ్ళినవాళ్ళు కొందరు అడగవచ్చు: సూక్ వాఖిఫ్ దగ్గర అబ్దుల్లా బిన్ జాసిం వీధికి నీలం రంగు వేశారు కదా, ఇదీ అదీ ఒకటేనా అని. కాదు. 2019లో అష్గాల్ వేయించిన ఆ నీలం పూత ఎండని తిప్పికొట్టి, వేసేసిన రోడ్డుని చల్లగా ఉంచడానికి. సుమారు 200 మీటర్ల ప్రయోగం. మనం మాట్లాడుతున్నది రోడ్డు పుట్టే రోజు వేడి గురించి.

ఇంతకీ ఇన్ని లాభాలుంటే అందరూ ఇదే ఎందుకు వెయ్యరు? అమెరికాలో వేస్తున్నారు, 2017 నాటికే అక్కడ మొత్తం మిశ్రమంలో దాదాపు 40 శాతం ఈ పద్ధతులతో తయారైంది. మన దేశంలో ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ 2014లో దీనికి తాత్కాలిక మార్గదర్శకాలు కూడా వేసింది. కాని అంకెల వెనక ఒక కిటుకుంది. మందు కలిపినంత మాత్రాన వేడి తగ్గించి తీరాలని లేదు. చాలామంది కాంట్రాక్టర్లు మందు కలిపి, పాత వేడిలోనే కాచి, రోలరుతో సులువుగా అదిమే వీలు మాత్రం తీసుకుంటారు. రోడ్డుకి మంచిదే, పొగ మాత్రం అంతే.

కాంట్రాక్టు కాగితాల్లో ఉన్న చిక్కు వల్లే ఇలా జరుగుతుంది. మిశ్రమం ఇంత వేడి కంటే చల్లారితే టిప్పరుని వెనక్కి పంపండి అని ఇంజనీర్లు రాసుకుంటారు. వెనక్కి వచ్చిన టిప్పరు నష్టం ప్లాంటువాడిది. దోహా ట్రాఫిక్‌లో బండి ఎక్కడైనా ఇరుక్కుంటే ఎలా అని వాడు ఎందుకైనా మంచిదని ఇంకో పది డిగ్రీలు పెంచుతాడు. ఆ పదికి జరిమానా పడదు. గరిష్ఠ హద్దు ఉన్నా, అది తారు మాడకుండా ఉండడానికి పెట్టినది. చాలా పైనెక్కడో ఉంటుంది. జర్మన్లు రెండో కొసనుంచి పట్టుకున్నారు. కూలీ పీల్చే గాలిలో, ఘనపు మీటరుకి, బిట్యుమెన్ ఆవిరి 1.5 మిల్లీగ్రాములు మించకూడదని 2020లో నియమం పెట్టి, అలవాటు పడడానికి రోడ్ల పరిశ్రమకి కొన్నేళ్ళు గడువిచ్చారు. ఏ మందు కలుపుతారో, ఎన్ని డిగ్రీలు తగ్గిస్తారో మీ ఇష్టం. కొలిచేది మాత్రం మనిషి ముక్కు దగ్గర. ఆ నియమం వచ్చినప్పటినుంచి అక్కడి కాంట్రాక్టర్లు ప్లాంటు మీటలని కిందకి తిప్పడం నేర్చుకుంటున్నారు.